రెండేళ్ల పిల్లతో డిస్నీ వరల్డ్: ముందు నిద్ర టైము, తర్వాతే రైడ్లు

మా పాపకి రెండేళ్ల ఏడు నెలలప్పుడు మొదటిసారి ఫ్లోరిడాలోని ఆర్లాండో వెళ్లాం. అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు, మా ఆయనకి వారం సెలవు దొరికింది, పైగా మూడేళ్లు నిండని పిల్లలకి డిస్నీ వరల్డ్‌లో టికెట్ అక్కర్లేదు. ఇంకేం కావాలి అనుకుని బయల్దేరాం. మొదటి రోజు పొద్దున్నే అక్కడి మ్యాజిక్ కింగ్‌డమ్ అనే పార్కులో అడుగుపెట్టి రాత్రి బాణసంచా దాకా ఉన్నాం. నిద్ర వస్తే స్ట్రోలర్‌లో (పిల్లల్ని తోసుకెళ్లే బండిలో) పడుకుంటుందిలే అనుకున్నాం గానీ ఆ పాటలకీ ఆ జనానికీ పిల్ల కళ్లు మూయనే లేదు. సాయంత్రం ఐదింటికి ఏడుపు మొదలైంది. ఎత్తుకుంటే దింపమని, దింపితే ఎత్తుకోమని. రాత్రి బాణసంచా మొదటి చప్పుడుకే మా అమ్మ మెడ గట్టిగా పట్టుకుని వణికిపోయింది. మర్నాడు ఒళ్లు వెచ్చబడితే అందరం దిగిన ఇంట్లోనే కూర్చున్నాం.

మళ్లీ రెండేళ్లకి, పాపకి ఐదు నడుస్తుండగా, ఏడాదిన్నర బాబుని కూడా తీసుకుని వెళ్లాం. ఈసారి ఒక్క విషయం మార్చాం, ట్రిప్ మొత్తం మారిపోయింది. ప్లాన్ వేయడానికి కూర్చున్నప్పుడు కాగితం మీద ముందు పిల్లాడు ఇంట్లో ఎన్నింటికి తింటాడు, ఎన్నింటికి పడుకుంటాడు, ఎన్నింటికి లేస్తాడు అని రాశాం. మిగిలిన ఖాళీల్లోనే పార్కుని సర్దాం. మీరు కూడా అలాగే మొదలుపెట్టండి.

ఎన్ని రోజులు, ఎప్పుడు

డిస్నీ వరల్డ్ అంటే ఒకటే పార్కు అనుకుంటారు చాలామంది. నాలుగున్నాయి. 1971లో తెరిచిన మ్యాజిక్ కింగ్‌డమ్, 1982లో ఎప్‌కాట్, 1989లో హాలీవుడ్ స్టూడియోస్, 1998లో యానిమల్ కింగ్‌డమ్. చాలావరకు ఒకదాన్నుంచి ఇంకోదానికి బస్సులోనో కారులోనో వెళ్లాల్సినంత దూరం. మూడేళ్ల లోపు పిల్లలకి ఈ నాలుగూ చూపించాలని పెట్టుకోకండి. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి రెండు పొద్దుటిపూటలు, యానిమల్ కింగ్‌డమ్‌కి ఒకటి, ఓపికుంటే ఎప్‌కాట్‌లో ఒక సాయంత్రం చాలు. హాలీవుడ్ స్టూడియోస్‌ని పిల్లలు పెద్దయ్యేదాకా ఆపినా నష్టం లేదు. మధ్యలో ఒక రోజు పూర్తిగా ఖాళీగా వదిలేయండి, ఆ రోజు స్విమ్మింగ్ పూల్ తప్ప ఏమీ వద్దు.

మీ పిల్లలకి ఇంకా స్కూల్ మొదలవలేదు కదా, ఆ వెసులుబాటు వాడుకోండి. థ్యాంక్స్‌గివింగ్ వారం, క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా, మార్చి ఏప్రిల్ నెలల స్ప్రింగ్ బ్రేక్ స్కూల్ సెలవులు, ఈ మూడింటికీ దూరంగా ఉండండి. జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో ఎండ తక్కువ, జనం కూడా కాస్త తక్కువ. మన అమ్మానాన్నలు ఎక్కువగా వేసవిలోనే వస్తారు కాబట్టి వేసవి తప్పదనుకుంటే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి: ఫ్లోరిడాలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మధ్యాహ్నం దాటితే ఉరుములు, మెరుపులు, వాన మామూలే. మెరుపులు వచ్చాయంటే ఆరుబయట ఉన్న రైడ్లు ఆపేస్తారు. ఎలాగూ అదే టైముకి పిల్లలు నిద్రపోవాలి, అందుకే మధ్యాహ్నం గదికి వెళ్లిపోవడం అన్ని విధాలా మంచిది.

మూడో పుట్టినరోజు లోపే వెళ్లాలా అని మా స్నేహితులు అడుగుతుంటారు. మూడు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లకి పిల్లల టికెట్, పదేళ్లు నిండితే పెద్దవాళ్ల టికెట్, కాబట్టి మిగిలేది నిజంగా మంచి మొత్తమే. పుట్టినరోజు ఒకటి రెండు నెలల్లో ఉంటే ముందే వెళ్లండి. దానికోసం నడక కూడా సరిగా రాని పిల్లతో పరిగెత్తాల్సిన పని మాత్రం లేదు.

ఎక్కడ దిగాలి

మన వాళ్లకి ఇక్కడే పెద్ద చర్చ నడుస్తుంది. డిస్నీకి దగ్గర్లో ఉన్న కిస్సిమీ ఊళ్లో వంటిల్లు ఉన్న ఇల్లు అద్దెకి తీసుకుంటే రైస్ కుక్కర్ పెట్టుకోవచ్చు, పప్పుచారు కాచుకోవచ్చు, అందరూ ఒకేచోట ఉండొచ్చు. మొదటిసారి మేము అదే చేశాం. ఇబ్బంది అంతా మధ్యాహ్నం తెలిసింది. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి సొంత కారులో వెళ్తే గేటు ముందు పార్క్ చేయడం కుదరదు. దూరంగా ఉన్న పార్కింగ్‌లో కారు పెట్టి, అక్కణ్ణుంచి మోనోరైలో పడవో ఎక్కి చెరువు దాటాలి. పోను ఒకసారి, రాను ఒకసారి. మధ్యాహ్నం నిద్రకి ఇంటికి వచ్చి మళ్లీ వెళ్లాలంటే రోజుకి నాలుగుసార్లు. డిస్నీ వాళ్ల హోటళ్ల నుంచి బస్సు ఎక్కితే తిన్నగా గేటు దగ్గర దింపుతుంది. రెండోసారి వాళ్ల హోటళ్లలో తక్కువ ధరది చూసి దిగాం, పదకొండున్నరకి పార్కు నుంచి బయల్దేరితే పన్నెండున్నరకల్లా బాబు మంచం మీద నిద్రపోయేవాడు. వాళ్ల హోటల్లో ఉన్నవాళ్లని పొద్దున అందరికన్నా అరగంట ముందే లోపలికి పంపిస్తారు, పొద్దున్నే లేచే పిల్లలున్న ఇంటికి అది చాలా లాభం. వంట కావాలా, నిద్ర కావాలా అంటే నేను నిద్రకే ఓటేస్తాను.

ఎయిర్‌పోర్ట్ నుంచి డిస్నీకి ముప్పై కిలోమీటర్ల పైనే. ఫ్లోరిడా చట్టం ప్రకారం చిన్నపిల్లలు కారులో తప్పనిసరిగా కార్ సీట్లో కూర్చోవాలి, కాబట్టి టాక్సీ పిలిచే ముందే దాని సంగతి తేల్చుకోండి, అర్ధరాత్రి దిగి వెతుక్కోకండి. డిస్నీ బస్సుల్లో మాత్రం కార్ సీటు అక్కర్లేదు.

స్ట్రోలర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి

నాలుగేళ్ల పిల్లలు కూడా అక్కడ నడవలేరు, స్ట్రోలర్ తప్పనిసరి. 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు దాటితే లోపలికి రానివ్వరు, లాక్కెళ్లే వ్యాగన్లు అసలే కుదరవు. పార్కులో అద్దెకిచ్చేవి గట్టి ప్లాస్టిక్‌వి, వాటిలో పిల్లలు పడుకోలేరు. వెనక్కి వాలే సీటున్న మీ సొంతదే తెచ్చుకోండి, తేలిగ్గా మడిచేది అయితే బస్సెక్కేటప్పుడు చేతులు నొప్పి పుట్టవు.

మొదటిసారి పీటర్ పాన్ రైడ్ నుంచి బయటికి రాగానే మా స్ట్రోలర్ పెట్టిన చోట లేదు. నాన్న కంగారుపడి "అమ్మాయ్, బండి పోయిందే!" అని అటూ ఇటూ పరిగెత్తారు, పాలసీసా, డైపర్లు, మందులు అన్నీ అందులోనే. తీరా చూస్తే అక్కడ పనిచేసేవాళ్లు దారికి అడ్డం లేకుండా అన్నీ వరసగా సర్దిపెట్టారు, అన్నీ బూడిదరంగువే, ఏది ఎవరిదో తెలియదు. అమ్మ పాప జడకున్న ఎర్ర రిబ్బను విప్పి హ్యాండిల్‌కి ముడేసింది. ఆ తర్వాత వారమంతా దూరం నుంచే కనిపించేది. మీరు ఇంట్లోనే కట్టుకుని వెళ్లండి. పాస్‌పోర్టులు, డబ్బు మాత్రం స్ట్రోలర్‌లో వదలకండి.

లోపల పొద్దుటిపూట

గేటు తెరిచేసరికి అక్కడ ఉండండి. మొదటి గంటన్నరలో ఎక్కినన్ని రైడ్లు మిగతా రోజంతా ఎక్కలేరు. ముందు పీటర్ పాన్, తర్వాత విన్నీ ది పూ, ఆ తర్వాత డంబో. ఈ మూడింటికీ తర్వాత క్యూ పెరుగుతుంది. రంగులరాట్నం, ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ బొమ్మల పడవ, అల్లాద్దీన్ తివాచీలు, లిటిల్ మెర్మెయిడ్ మెల్లగా చూసుకోవచ్చు. వీటన్నిటికీ ఎత్తు నియమం లేదు, ఒళ్లో పాపని కూడా ఎక్కించుకోవచ్చు. ఇలా పొద్దున్నే వెళ్లేవాళ్లు క్యూ తప్పించుకోవడానికి అదనంగా డబ్బు కట్టే లైట్నింగ్ లేన్ కొనాల్సిన పనిలేదని నా అభిప్రాయం.

ఎత్తు నియమం లేదు కదా అని అన్నీ పిల్లలకి పనికొస్తాయనుకోవద్దు. హాంటెడ్ మాన్షన్‌కీ, పైరేట్స్ పడవకీ ఎత్తు నియమం లేదు, కానీ చీకటి, పెద్ద శబ్దాలు, పైరేట్స్‌లో ఒకచోట పడవ దబ్బున కిందికి జారుతుంది కూడా. వెళ్లేముందు ఇంట్లో యూట్యూబ్‌లో ఒక్కో రైడ్ వీడియో పెట్టి పిల్ల మొహం చూడండి, ఎక్కించాలో వద్దో మీకే తెలుస్తుంది.

పెద్దపిల్ల కూడా ఉంటే రైడర్ స్విచ్ అడగండి. సెవెన్ డ్వార్ఫ్స్ రైడ్‌కి 38 అంగుళాల ఎత్తుండాలి, మా పాపకి ఆ ఎత్తు వచ్చింది, బాబుకి రాలేదు. ముందు మా ఆయన పాపతో వెళ్లారు, నేను బాబుతో బయట కూర్చున్నాను. వాళ్లు రాగానే నేను మళ్లీ మొదటి నుంచి క్యూలో నిలబడకుండా వెళ్లాను, పాప నాతో రెండోసారి కూడా ఎక్కింది. దీనికి డబ్బు కట్టక్కర్లేదు, రైడ్ మొదట్లో నిలబడ్డ మనిషిని అడిగితే చాలు.

అన్నం, డైపర్, నిద్ర

బయటి తిండి లోపలికి తీసుకెళ్లొచ్చు. ఇది తెలియక చాలామంది పిల్లల్ని వారమంతా ఫ్రెంచ్ ఫ్రైస్ మీద ఉంచుతారు. గాజుసీసాలు, విడి ఐసుముక్కలు మాత్రం కుదరవు, కాబట్టి ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోండి, చల్లదనానికి ఐస్ ప్యాక్ వాడండి. ఎండలో పులిహోర ఆగినట్టు పెరుగన్నం ఆగదు, పెరుగు విడిగా చల్లగా పెట్టుకుని తినేముందు కలపండి. కౌంటర్ దగ్గర తిండి అమ్మే చోట్ల చల్లని మంచినీళ్లు ఊరికే ఇస్తారు, ఏమీ కొనకపోయినా అడగొచ్చు.

నాలుగు పార్కుల్లోనూ బేబీ కేర్ సెంటర్ ఉంటుంది. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో అది మెయిన్ స్ట్రీట్ చివర, క్రిస్టల్ ప్యాలెస్ పక్కన. లోపల ఏసీ, పాలివ్వడానికి వేరే గది, డైపర్ మార్చే బల్లలు, అన్నం తినిపించడానికి ఎత్తు కుర్చీలు, వేడి చేసుకోవడానికి మైక్రోవేవ్. డైపర్లు అయిపోతే అక్కడే కొనుక్కోవచ్చు. మేము రోజూ పదిన్నరకి అక్కడికి వెళ్లి బాబుకి అన్నం పెట్టేవాళ్లం. బయటి గోలంతా ఒక్కసారిగా ఆగిపోయేసరికి వాడే ప్లేటు లాక్కుని తినేవాడు.

డైపర్ మానిపిస్తున్న పిల్లలుంటే బ్యాగులో స్టికీ నోట్ కాగితాలు వేసుకోండి. అక్కడి టాయిలెట్లు చాలావరకు వాటంతటవే ఫ్లష్ అవుతాయి, పిల్ల కూర్చుని ఉండగానే పెద్ద శబ్దంతో నీళ్లొస్తే ఇక మళ్లీ కూర్చోదు. సెన్సార్ మీద కాగితం అంటించి, పిల్ల దిగి బయటికి వచ్చాక తీసేయండి.

గదికి వెళ్లడం ఏ రోజైనా కుదరకపోతే కారౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్‌లోకి వెళ్లి కూర్చోండి. 1964 న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్ కోసం చేసిన పాత ప్రదర్శన అది, ఇరవై నిమిషాలు ఏసీలో, మసక చీకట్లో. బాబు నా భుజం మీద నిద్రపోయాడు, అమ్మకి మోకాళ్లకి విశ్రాంతి దొరికింది.

అమ్మమ్మా తాతయ్యల కోసం

మోకాళ్ల నొప్పులున్నా మొహమాటంతో వీల్‌చైర్ వద్దంటారు. మీరే అద్దెకి తీసుకుని "బ్యాగులు పెట్టుకోవడానికి" అని చెప్పండి, రెండో గంటకి వాళ్లే కూర్చుంటారు. వాళ్లకి బాగా నచ్చేది యానిమల్ కింగ్‌డమ్. కిలిమంజారో సఫారీకి పొద్దున్నే వెళ్లండి, జంతువులు ఆ టైములో చురుగ్గా తిరుగుతుంటాయి. మా ట్రక్కుకి అడ్డంగా ఒక జిరాఫీ వచ్చి నిలబడితే డ్రైవర్ ఆపేశాడు. బాబు నోట్లో బిస్కెట్ అలాగే ఉండిపోయింది, వేలు చూపిస్తూ నాన్న వైపు తిరిగి "తాతా, ఆవు!" అన్నాడు. ఆసియా భాగంలో ఆనందపూర్ అని ఒక ఊరినే కట్టారు, కోట శిథిలాల మధ్య పులులుంటాయి, నాన్న అక్కడ అరగంట నిలబడ్డారు. సాయంత్రం పక్కనే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సనా అనే రెస్టారెంట్ ఉంది, నాన్, పరాఠాలు, రకరకాల చట్నీలతో పెడతారు, కిటికీలోంచి జంతువులు కనిపిస్తాయి. దానికి పార్కు టికెట్ అక్కర్లేదు, ముందే బుక్ చేసుకోండి.

జనంలో పిల్లలు తప్పిపోతారన్న భయం అందరికీ ఉంటుంది. రోజూ పొద్దున ఆ రోజు వేసిన బట్టలతో ఒక ఫొటో తీయండి, ముంజేతి మీద పెన్నుతో మీ ఫోన్ నంబర్ రాయండి. బాణసంచా చూడాలనే ఉంటే చెవులు మూసే హెడ్‌ఫోన్లు ఇంటి దగ్గరే కొని, వారం ముందు నుంచి పెట్టడం అలవాటు చేయండి. మేము రెండోసారి పార్కు బయట, చెరువు ఇవతలి ఒడ్డు నుంచి చూశాం. వెలుగులు అన్నీ కనిపించాయి, చప్పుడు అంతగా లేదు, పాప చప్పట్లు కొట్టింది.

తిరుగు ప్రయాణం రోజు పార్కు పెట్టుకోకండి. సాయంత్రం ఫ్లైట్ అయితే గది ఖాళీ చేసి సామాను హోటల్ వాళ్లకి అప్పజెప్పండి, ఆ రోజంతా పూల్ వాడుకోనిస్తారు. తడి బట్టలకి ఒక ప్లాస్టిక్ కవర్, పిల్లలకి ఒక జత పొడి బట్టలు చేతిసంచిలో పైనే ఉంచుకోండి.