వాటర్ బాత్ 37 డిగ్రీల దగ్గర నిలవకపోతే: నా అనుభవం

పర్లాకిమిడిలో మా కళాశాల ప్రయోగశాలలో, నీటిని ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉంచే తొట్టె అయిన వాటర్ బాత్‌ను 37 డిగ్రీలకు పెడితే ఉష్ణోగ్రత ఒకసారి 40 దాటేది, కాసేపటికి 35కు జారేది. ఎంజైము ప్రయోగాలకు అది పనికిరాదు. సెన్సారు మార్చినా, స్టెబిలైజరు పెట్టినా, మూత బిగించినా ఫలితం లేకపోయింది.

హీటరును నడిపే కంట్రోలరు ఆన్-ఆఫ్ పద్ధతిలో ఉందని మెనూలో చూశాక దారి దొరికింది. ఆ పద్ధతిలో మనం పెట్టిన అంకె చేరేదాకా హీటరు పూర్తి బలంతో పనిచేస్తుంది, ఆగిన తరువాత కూడా దానిలో మిగిలిన వేడి నీటిలోకి దిగుతూనే ఉంటుంది. కాబట్టి నీటిని గుర్తుదాకా నింపి, స్టిర్రరు ఆన్ చేసి, పద్ధతిని పీఐడీకి (ఉష్ణోగ్రత తేడాను బట్టి హీటరు బలాన్ని పెంచుతూ తగ్గిస్తూ పోయే పద్ధతికి) మార్చి, నీరు చల్లగా ఉండగానే 37 పెట్టి ఆటోట్యూన్ (కంట్రోలరు తనను తానే సరిచేసుకునే ప్రక్రియ) మొదలుపెట్టాను. అది నడుస్తున్నంతసేపూ ఉష్ణోగ్రత పైకీ కిందికీ పోతుంది. ఆ ఊగిసలాటను కొలిచి కంట్రోలరు తన విలువలను లెక్కగడుతుంది కనుక కంగారుపడి మూత తీయకూడదు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటినుంచి చేయడమే మంచిది. ట్యూనింగ్ దీపం ఆరాక సైకిల్ టైమ్ (హీటరు ఒకసారి ఆన్ అయి, ఆఫ్ అయ్యే చక్రానికి పట్టే సమయం) చూశాను: మాది మామూలు రిలే (లోపలి కాంటాక్టులు కలిసి విడిపోయే స్విచ్చి) గనుక 20 సెకన్లు ఉంచాను, ఎందుకంటే కదిలే భాగాలు లేని సాలిడ్ స్టేట్ రిలేకు సరిపోయే 2 సెకన్లు దీనికి పెడితే కాంటాక్టులు త్వరగా అరిగిపోతాయి.

ఇప్పుడు తేడా అర డిగ్రీ దాటడం లేదు. అయితే 37 దగ్గర వచ్చిన విలువలు 80 దగ్గర కుదరకపోవచ్చు, నీటి పరిమాణం బాగా మారినా మళ్లీ ట్యూన్ చేయవలసి రావచ్చు. గాలిని వేడిచేసే ఓవెన్లలో నేను పరీక్షించలేదు.