మ్యాడ్ మ్యాక్స్ ఆటలో పగ తీర్చే బండిని ఎలా తయారుచేసుకోవాలి?

స్టాక్‌హోమ్‌కు చెందిన అవలాంచ్ స్టూడియోస్ తయారుచేసిన మ్యాడ్ మ్యాక్స్ 2015 సెప్టెంబరులో పీసీ, ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్‌లకు వచ్చింది. కథ చిన్నది. ఎడారిలో వెళ్తున్న మ్యాక్స్‌ను స్క్రోటస్ అనే నాయకుడి ముఠా దోచుకుని, అతని కారు లాక్కుంటుంది. చావు తప్పించుకున్న మ్యాక్స్‌కు చంబకెట్ అనే గూని మెకానిక్ తగులుతాడు. ఇద్దరూ కలిసి మాగ్నమ్ ఓపస్ అనే కొత్త బండిని ముక్కముక్కగా కట్టుకుంటూ పగ తీర్చుకోవడానికి బయలుదేరతారు.

కొత్తవాళ్లలో చాలామంది మొదటి కొన్ని గంటలూ మ్యాక్స్ పిడిగుద్దుల మీదే పెట్టుబడి పెట్టి, బండిని అలాగే వదిలేస్తారు. ఈ ఆటలో గెలిపించేది బండే. ఇక్కడ డబ్బులా చెల్లే తుక్కును (పాత ఇనుము) ఏ భాగం మీద ముందు ఖర్చు పెట్టాలి, రోడ్డు మీద ఎలా పోరాడాలి అన్నదే ఇక్కడి విషయం. కథ మలుపులేవీ బయటపెట్టడం లేదు.

1. ముందు హార్పూన్

హార్పూన్ అంటే తీగ కట్టిన ఇనప బల్లెం. బండి వెనక నిలబడి దాన్ని వదిలేది చంబకెట్. అందుకే అతను బండి మీద లేనప్పుడు అది పనిచేయదు. గేట్లు పీకడం, కావలి బురుజులు కూల్చడం, శత్రువు టైరు ఊడదీయడం, డ్రైవరును సీట్లోంచి లాగేయడం, కవచపు రేకులు ఒలవడం, ఇన్ని పనులకూ ఇదొక్కటే పనిముట్టు. తూటాల ఖర్చు లేదు. అందుకే మొదటి తుక్కంతా దీనికే పెట్టండి.

వాడేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. గురి పెట్టగానే కాలం నెమ్మదిస్తుంది కాబట్టి తొందరపడనక్కర్లేదు. ఆ వ్యవధిలో డ్రైవరా, టైరా, తలుపా అన్నది ఎంచుకోండి. గేటుకు కొక్కెం తగిలాక బండిని వెనక్కి నడిపి తిన్నగా లాగండి. ఎంత లాగినా గేటు కదలకపోతే మీ గురిలో తప్పేమీ లేదు, ఆ గేటుకు పై స్థాయి హార్పూన్ కావాలి. దాన్ని వదిలేసి ముందుకెళ్లండి, తర్వాత మళ్లీ రావచ్చు.

2. తర్వాత ఇంజన్, సస్పెన్షన్, టైర్లు. కవచం ఆఖరున

గ్యారేజీ తెరలో ప్రతి భాగాన్నీ కొనకముందే దాని వల్ల వేగం, పట్టు, బరువు ఎలా మారతాయో చూపిస్తుంది. ఆ కొలతలు చూడకుండా కొంటే ఏమవుతుందంటే, మందపు కవచం, పెద్ద ముందు గ్రిల్ ఒకేసారి బిగిస్తారు, బండి బరువెక్కుతుంది, ఇసుక దిబ్బ ఎక్కలేక చతికిలబడుతుంది, మలుపులో వెనక భాగం జారిపోతుంది. ఆటే బాగోలేదని చాలామంది విసుక్కునేది ఇక్కడే. ఇంజన్ ఒక మెట్టు పెరిగాకే కవచం ఒక మెట్టు పెంచండి. మధ్యలో టైర్లు, సస్పెన్షన్ తప్పకుండా వేయించండి.

కొన్ని భాగాలకు తాళం గుర్తు ఉంటుంది. ఫలానా శత్రు శిబిరాన్ని పట్టుకోవాలనో, ఫలానా ప్రాంతంలో ముప్పు (అక్కడి శత్రువుల పట్టు) తగ్గించాలనో అక్కడే రాసి ఉంటుంది. చేతిలో తుక్కు ఎంత ఉన్నా ఆ షరతు తీరేదాకా అది మీకు రాదు. కాబట్టి తరవాత ఏ శిబిరం మీద పడాలో ఈ తాళాల్ని చూసి నిర్ణయించుకుంటే తిరుగుడు సగం తగ్గుతుంది.

పక్కల నుంచి మంట చిమ్మే సైడ్ బర్నర్లు చూడ్డానికి బాగుంటాయి కానీ పెట్రోలు తాగేస్తాయి, తొలి దశలో వద్దు. బండి మీదికి దూకేవాళ్లను ఆపే ముళ్లు మాత్రం ఎప్పుడు దొరికితే అప్పుడు బిగించండి.

3. రోడ్డు మీద ఎవరితో ఎలా?

స్క్రోటస్ మనుషులైన వార్ బాయ్స్ బండ్లను పక్క నుంచి గుద్దవచ్చు, నైట్రోతో (క్షణకాలం వేగం పెంచే ఇంధనం) ముందు నుంచీ గుద్దవచ్చు. వెనక పెట్రోలు డబ్బా కనిపిస్తే షాట్‌గన్ తూటా ఒక్కటి చాలు, బండి పేలిపోతుంది. తూటాలు అరుదుగా దొరుకుతాయి కాబట్టి వాటిని ఇలాంటి గురికే దాచుకోండి, ఉత్త రేకు మీద కాల్చవద్దు.

బజార్డ్స్ అనే మరో ముఠా బండ్లకు చుట్టూ ఇనప ముళ్లుంటాయి. వాటిని గుద్దడమంటే కొరివితో తల గోక్కోవడమే, మీ బండికే ఎక్కువ దెబ్బ. దూరం పాటించి ముందు హార్పూన్‌తో టైరు లాగేయండి.

ఎవడైనా మీ బండి మీదికి దూకితే వేగంగా వెళ్తూ ఒక్కసారి బ్రేకు వేసి చూడండి, లేదా పక్కనున్న బండరాయికి రాసుకుంటూ పోండి. అప్పటికీ పడకపోతేనే షాట్‌గన్.

బండి పొగలు కక్కుతుంటే ఆగండి. బండి నిలబడి ఉన్నప్పుడే చంబకెట్ రిపేరు చేస్తాడు, నడుస్తుంటే చేయడు. ఆగిన చోట శత్రువులు మూగితే మ్యాక్స్ దిగి వాళ్లను అడ్డుకోవాలి. మంటలు లేచాయంటే మాత్రం రిపేరు సంగతి మరిచిపోయి దిగి దూరంగా పరుగెత్తండి, పేలుడులో మ్యాక్స్ కూడా పోతాడు. ఎక్కడో వదిలేసిన బండిని రప్పించడానికి ఫ్లేర్ గన్ ఉంది.

4. కాన్వాయ్‌లను వేటాడటం

ఆటలో అన్నిటికన్నా రుచికరమైన భాగం ఇదే. కాన్వాయ్‌లు ఒకే దారిలో చక్రం తిరుగుతూ ఉంటాయి. నడుమ నాయకుడి బండి, చుట్టూ కాపలా బండ్లు. నాయకుడి దగ్గరుండే బానెట్ బొమ్మను గెలిచి మన బండికి తగిలిస్తే దానికి తగ్గ అదనపు శక్తి వస్తుంది.

ఎదురుగా వెళ్లకండి, వెనక నుంచి కలవండి. చివరి కాపలా బండి టైరు పీకేస్తే అది దొర్లి ఆగిపోతుంది, మిగతావి ముందుకెళ్తూనే ఉంటాయి. అలా తోక నుంచి ఒక్కొక్కటీ తెంచుకుంటూ నాయకుడి దాకా రండి. దాని కవచం మందం, ముందు హార్పూన్‌తో రేకులు ఒలిచి, తర్వాత పేలే బల్లెం థండర్‌పూన్ వేయండి. అవి కొన్నే మోయగలం, అందుకే కాపలా బండ్ల మీద వాడితే చివర్లో చేతులు ఖాళీ.

మధ్యలో బండి దెబ్బతింటే రోడ్డు దిగిపోయి రిపేరు చేయించుకోండి. కాన్వాయ్ ఎక్కడికీ పోదు, అదే దారిలో తిరుగుతూ దొరుకుతుంది.

5. శిబిరం మీద పడేముందు

దూరం నుంచి బైనాక్యులర్స్‌తో చూసి స్నైపర్లను, మంట చిమ్మే గొట్టాలను గుర్తు పెట్టుకోండి. దారిలో నీళ్లడిగే బాటసారులకు కాసిన్ని పోస్తే కొందరు శిబిరం గురించిన రహస్యం చెబుతారు, దొంగదారి దొరకడం అలాంటప్పుడే. స్నైపర్లను హార్పూన్‌తో కిందికి లాగాకే గేటు దగ్గరికి వెళ్లండి.

లోపల వేలాడే బుట్టలోంచి కేకలేసి తనవాళ్లను రెచ్చగొట్టే వార్ క్రయర్‌ను మొదట దించాలి. వాడు అరుస్తున్నంతసేపూ మిగతావాళ్ల దెబ్బ గట్టిగా ఉంటుంది.

6. కోటల్లో ఏం కట్టించాలి?

జీట్ ఉండే లైట్‌హౌస్, గట్‌గ్యాష్ ఓడ, పింక్ ఐ స్థావరం వంటి మిత్రుల కోటల్లో కొన్ని నిర్మాణాలు పూర్తిచేయవచ్చు. కావలసిన భాగాలు ఎడారిలో వెతికి తేవాలి. ముందు సర్వే బృందం, దానితో ఆ ప్రాంతంలో తుక్కు దొరికే చోట్లన్నీ మ్యాప్‌లో కనిపిస్తాయి. తర్వాత నూనె బావి, ఆయుధాగారం. ఇవి ఉంటే కోటకు వచ్చినప్పుడల్లా ట్యాంకు, తూటాలు నిండుతాయి. క్లీన్-అప్ బృందం కూడా లాభమే, మీరు ధ్వంసం చేసిన బండ్ల తుక్కును వాళ్లే ఏరి తెస్తారు.

తుక్కు మోసుకెళ్లే శత్రువుల బండి కనిపిస్తే పేల్చకండి. డ్రైవరును హార్పూన్‌తో లాగేసి, ఆ బండినే నడుపుకుంటూ కోటకు చేర్చండి. ఇసుక తుఫానులో గాలికి కొట్టుకొచ్చే పెట్టెల్లోనూ బోలెడు తుక్కు ఉంటుంది, కాకపోతే పిడుగులు, ఎగిరే ఇనుము బండిని చితకబాదుతాయి. కవచం గట్టిపడ్డాకే అందుకు దిగండి.

7. మందుపాతరలు

ఒక ప్రాంతంలో శిబిరాలు, స్నైపర్లు, శత్రువులు నాటిన దిష్టిబొమ్మల స్తంభాలు అన్నీ తీసేశాక కూడా ముప్పు సున్నాకు దిగలేదంటే మిగిలినవి సాధారణంగా మందుపాతరలే. మాగ్నమ్ ఓపస్‌లో వెళ్తే అవి కనబడవు. కోటలో చంబకెట్ చిన్న బగ్గీని ఎంచుకోండి, డింకీ-డీ అనే కుక్క అందులోనే ఎక్కుతుంది. అది మొరిగి ఏ వైపు చూస్తుందో ఆ వైపే మెల్లగా పోనివ్వండి. మొరుగుడు ఎక్కువయ్యాక బగ్గీ ఆపి, దిగి నడిచి వెళ్లి చేత్తో తీయాలి. ఒక చోట ఒకటి తీయగానే వెళ్లిపోకండి, ఇంకా మిగిలి ఉన్నాయేమో మ్యాప్‌లో చూసుకోండి.