చెవితో పట్టడం, నొటేషన్ చదవడం

పాటను చెవితో పట్టాలంటే ముందు కీబోర్డు ముట్టుకోకండి. నాలుగైదు సెకన్ల ముక్కను పదేపదే విని, తప్పు లేకుండా పాడండి. గొంతులో కుదరనిది వేళ్లకు రాదు. తర్వాత పాట ఏ స్వరం మీద కుదురుకుంటోందో వెతకండి. చాలా పాటల్లో అదే షడ్జం (స). దాదాపుగా కుదిరినా ఎక్కడో గుచ్చుతుంటే గాంధారం (గ), నిషాదం (ని) సరిచూడండి: కీబోర్డు మీద సి (C) స్వరం షడ్జమైతే, ఇ (E) బదులు అర మెట్టు కిందిదైన ఇ ఫ్లాట్ పడుతుందేమో. వేగం అందకపోతే శ్రుతి మారకుండా 50 శాతానికి తగ్గించి వినండి.

రెండు చేతుల పెద్ద రచనలకు మాత్రం కాగితం మీద రాసిన నొటేషన్ కావాల్సిందే. మొదట కీ సిగ్నేచర్, అంటే వరస మొదట్లో ఉండే షార్ప్ (అర మెట్టు పైకి), ఫ్లాట్ గుర్తులు చూడండి. ఒక్క షార్ప్ ఉంటే పాట స్కేలు జి మేజర్ లేదా ఇ మైనర్. విడిగా నేచురల్ గుర్తు (షార్ప్‌ను రద్దు చేసేది) లేని ప్రతి ఎఫ్ షార్పే. లయను చప్పట్లతో కొట్టాకే వాయించండి. తప్పు పడినా ఆగొద్దు, కళ్లు చేతులకన్నా ముందుండాలి.