సీటు వచ్చింది సరే, పైసలు ఎప్పుడు కట్టాలి?

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, హన్మకొండలో ఇంటర్ రెండో ఏడాది పిల్లలున్న ఇళ్లకు ఫోన్లు మొదలవుతాయి. ఎంసెట్ ఇంకా రాయనే లేదు (పేరు ఈఏపీసెట్ అని మారినా ఇక్కడ అందరూ ఎంసెట్ అనే అంటారు, నేనూ అంతే), ర్యాంకు మాట దేవుడెరుగు, అవతలి నుంచి మాత్రం "సార్, సీఎస్‌ఈలో ఇంక నాలుగు సీట్లే ఉన్నయ్, ఈ వారంలో కడితే ఈ రేటు, తర్వాత పెరుగుతది" అని ఒకటే పోరు. ఆ ఫోన్ ఎత్తిన తండ్రికి ఆ రాత్రి నిద్ర పట్టదు. కట్టకపోతే సీటు పోతుందేమో, కడితే పైసలు పోతాయేమో. ఈ సీజన్లో ఎక్కడెక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో నాకు తెలిసినంత రాస్తున్నాను.

ముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. ఫోన్ చేసినవాడు చెప్పే ఆఖరు తేదీ మీ తేదీ కాదు. మీకు కావలసిన తేదీ వేరే ఉంది: ఏ రోజు దాకా వెనక్కి రావచ్చు, వస్తే ఎంత పోతుంది, సర్టిఫికెట్లు చేతికొస్తాయా రావా. కౌన్సెలింగ్ ఏదైనా, కాలేజీ ఏదైనా ఈ తేదీ ఒకటి ఉంటుంది, అది రూల్స్ పుస్తకంలోనే ఉంటుంది, ఫోన్లో ఎవరూ చెప్పరు. అంతకుముందు సీటు తీసుకోవడం అంటే హన్మకొండ బస్టాండులో కిటికీలోంచి కర్చీఫ్ వేయడమే, ధైర్యంగా వేయండి. ఆ తేదీ దాటాక మాత్రం అది కర్చీఫ్ కాదు, టికెట్.

మొదట మేనేజ్‌మెంట్ సీట్ల సంగతి, ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే కాబట్టి. మన దగ్గర ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ (ఎంసెట్ ర్యాంకుల మీద ప్రభుత్వం తరఫున కౌన్సెలింగ్ నడిపే అధికారి) నింపుతాడు, మిగతా 30 శాతం కాలేజీ చేతిలో ఉంటాయి. ఫీజు ఎంతో నిర్ణయించేది తెలంగాణ అడ్మిషన్, ఫీజు నియంత్రణ కమిటీ, మూడేళ్ల బ్లాకుకు ఒకసారి. దాని మీద వసూలు చేసే డొనేషన్ చట్టప్రకారం నేరం, క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం 1983 నుంచీ ఉంది. ఉన్నా ఏం జరుగుతోందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నీతి పాఠం చెప్పడం లేదు, లెక్క చెబుతున్నాను: రసీదు లేని డబ్బును ఏ రూలూ మీకు తిరిగి ఇప్పించలేదు. పరకాల వైపు నుంచి వచ్చిన ఒకాయన ఓసారి పర్సులోంచి మడత పెట్టిన తెల్లకాగితం తీసి చూపించాడు. నీలిరంగు పెన్నుతో "అడ్వాన్స్ 50,000", కింద ఒక పొట్టి సంతకం. కాలేజీ ముద్ర లేదు, నంబరు లేదు, పిల్లవాడి పేరు కూడా లేదు. "సారు, ఇది పెట్టుకుంటే సీటు పక్కా అన్నరు" అంటాడు. ఆ కాగితం ఎవరిదో, ఏ కాలేజీదో దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు.

కాబట్టి అడ్వాన్స్ కట్టక తప్పదనుకుంటే కాలేజీ పేరు మీదున్న బ్యాంకు ఖాతాలోకే కట్టండి, మధ్యవర్తి ఫోన్‌పేకు వద్దు. రసీదులో అది ట్యూషన్ ఫీజు అని రాసి ఉండాలి. ఎంసెట్ కన్వీనర్ సీటు వస్తే ఎంత తిరిగి ఇస్తారో వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా అడగండి. అడిగినందుకు చిరాకు పడ్డారంటే మీకు జవాబు దొరికినట్టే.

రూల్ ప్రకారం ఏం రావాలో కూడా తెలిసి ఉండాలి. కోర్సు మొదలవకముందే మానుకుంటే ఇంజనీరింగ్ కాలేజీలు ప్రాసెసింగ్ కింద 1000 రూపాయలకు మించి పట్టుకోకూడదని సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ చెబుతుంది. డీమ్డ్, ప్రైవేటు యూనివర్సిటీలకు యూజీసీ 2018లో ఒక మెట్ల పద్ధతి పెట్టింది: అడ్మిషన్ల ఆఖరు తేదీకి 15 రోజులు, అంతకన్నా ముందు మానుకుంటే ప్రాసెసింగ్ కింద కొద్దిగా పోను మొత్తం, ఆ 15 రోజుల లోపలయితే 90 శాతం, ఆఖరు తేదీ దాటాక 15 రోజుల దాకా 80, నెల దాకా 50, ఆ తర్వాత సున్నా. ఏడాదిని బట్టి ఇంకా ఉదారంగానూ ఉంటుంది. 2024-25లోనైతే సెప్టెంబరు 30 దాకా మానుకున్నవాళ్లకు మొత్తం ఇవ్వాలన్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వెంటనే తిరిగి ఇవ్వాలి, దగ్గర పెట్టుకోకూడదు అన్నది కూడా అదే 2018 నోటిఫికేషన్‌లో ఉంది. ఇవన్నీ తెలిసిన తండ్రితో ఆఫీసు వాళ్లు మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది, కావాలంటే చూడండి.

ఇక కన్వీనర్ కౌన్సెలింగ్. ఇక్కడ డబ్బు భయం తక్కువ, వెబ్ ఆప్షన్ల (ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో వరుసగా నెట్‌లో పెట్టేవి) భయం ఎక్కువ. మొదటి ఫేజ్‌లో సీటు వచ్చింది, ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేశారు, అంటే సీటు మీ పేరు మీద ఉంది. గడువులోగా అది చేయకపోతే సీటు దానంతటదే రద్దవుతుంది, "మర్చిపోయినం సారు" అంటే వినేవాడు ఉండడు. రెండో ఫేజ్‌లో మళ్లీ ఆప్షన్లు పెట్టుకోవచ్చు, కానీ అక్కడ కొత్త సీటు వచ్చిందంటే పాతది ఆ క్షణమే ఇంకొకరికి వెళ్లిపోతుంది. రెండూ చూసుకుని తేల్చుకుంటాం అనే మాట ఉండదు. అందుకని రెండో ఫేజ్‌లో ఇప్పుడు చేతిలో ఉన్నదానికన్నా నిజంగా మెరుగైనవే పెట్టండి. పిల్లలు చేసేదేమంటే మొదటి ఫేజ్‌లో పెట్టిన ఎనభై ఆప్షన్లూ మళ్లీ అలాగే పెట్టేసి, ఊరి పక్కన దొరికిన సీఎస్‌ఈ పోగొట్టుకుని ఘట్‌కేసర్ అవతల ఇంకేదో బ్రాంచిలో పడతారు. పది ఆప్షన్లు చాలు, ఐదైనా చాలు, ఏమీ పెట్టకపోయినా ఉన్న సీటు ఎక్కడికీ పోదు. ఆప్షన్లు పెట్టేటప్పుడు ఒక్కొక్కదాని దగ్గర ఆగి, ఇది వస్తే చేతిలో ఉన్నదాన్ని నవ్వుతూ వదులుతామా అని ఇంట్లో అందరినీ అడగండి, ఎవరైనా తటపటాయిస్తే దాన్ని కొట్టేయండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడే ఇళ్లు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. బీసీ, ఈబీసీ పిల్లలకు 10,000 లోపు ర్యాంకు వస్తే మొత్తం ఫీజు, దాటితే ఏడాదికి 35,000 వరకు. ఊళ్లో ఉండేవాళ్లకు లక్షన్నర, టౌనులో 2 లక్షల ఆదాయ పరిమితి. కాలేజీ ఫీజు 1,20,000 అయితే మిగతా 85,000 మీ జేబులోంచే, నాలుగేళ్లకు 3,40,000, హాస్టల్ ఖర్చు దీనికి అదనం. పైగా రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఆలస్యమవుతున్నాయని ముందు మిమ్మల్నే కట్టమనే కాలేజీలు ఉన్నాయి, చేరేముందే సీనియర్లను అడగండి. మేనేజ్‌మెంట్ కోటాకు, మిగిలిపోయిన సీట్లను చివర్లో కాలేజీయే నింపే స్పాట్ అడ్మిషన్‌కు రీయింబర్స్‌మెంట్ రాదు. ఆఖరు ఫేజ్‌లో వచ్చిన సివిల్ సీటు వదిలేసి స్పాట్‌లో సీఎస్‌ఈ చూసుకుందాం అనేవాళ్లు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవాలి.

జేఈఈ పిల్లలకు జోసాలో (ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్ల కౌన్సెలింగ్) ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్ అని మూడు మాటలు వినిపిస్తాయి. ఫ్రీజ్ అంటే ఇదే చాలు. ఫ్లోట్ అంటే పై ఆప్షన్లలో ఏ కాలేజీ అయినా సరే. స్లైడ్ అంటే అదే కాలేజీలో మెరుగైన బ్రాంచి. ఆఖరు రౌండుకు ముందు విత్‌డ్రా చేసుకోవడానికి ఒక గడువు ఉంటుంది, కొంత ప్రాసెసింగ్ ఫీజు పట్టుకుని మిగతాది ఇస్తారు. ఎంసెట్ ఫేజ్‌లు, జోసా రౌండ్లు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి, కాబట్టి ఎక్కడో అగర్తలా ఎన్‌ఐటీలో సివిల్ పెద్దదా, హైదరాబాద్‌లో సీఎస్‌ఈ పెద్దదా అనేది రెండూ రాకముందే ఇంట్లో తేల్చుకోవాలి. వచ్చాక తేల్చుకుందాం అంటే బాబాయిలు, మేనమామలు, ఎదురింటి సాఫ్ట్‌వేర్ అబ్బాయి అందరూ దిగుతారు, తేలదు.

కాజీపేటలో ఎన్‌ఐటీ కళ్ల ముందే కనిపిస్తుంటుంది కాబట్టి హోం స్టేట్ కోటా మనదే అనుకుంటాం. అది ఇంటర్ ఎక్కడ పాసయ్యారన్నదాన్ని బట్టి ఉంటుంది. విజయవాడలో ఇంటర్ చదివించి ఉంటే మీ పిల్లవాడికి హోం స్టేట్ ఆంధ్రప్రదేశ్. మెడికల్‌లో లోకల్ లెక్క ఇంకా గట్టిది: ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు తెలంగాణలో చదివి ఉండాలన్న నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. కొన్ని మినహాయింపులు ఉన్నాయి, మీకు వర్తిస్తాయో లేదో చూసుకోండి. రాష్ట్ర కోటా సీటు వస్తుందన్న ఆశతో చేతికొచ్చినదాన్ని వదిలేముందు అసలు మనం లోకల్ అవునా కాదా అన్నది తేలాలి కదా.

మెడికల్ సంగతికొస్తే, రాష్ట్ర సీట్లు నింపేది మన వరంగల్‌లోనే ఉన్న కాళోజీ హెల్త్ యూనివర్సిటీ, 15 శాతం ఆల్ ఇండియా కోటా నింపేది ఢిల్లీలోని ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ). ఎంసీసీ మొదటి రౌండులో వచ్చిన సీటు వద్దనుకుంటే ఏ నష్టమూ లేదు. రెండో రౌండులో చేరకపోతే డిపాజిట్ పోతుంది, ఆల్ ఇండియా కోటాకు జనరల్ వాళ్లకు అది 10,000, డీమ్డ్ యూనివర్సిటీలకైతే 2 లక్షలు. మూడో రౌండులో చేరకపోతే డిపాజిట్టూ పోతుంది, తర్వాతి రౌండ్లూ పోతాయి. ఆఖరుది స్ట్రే రౌండ్, అందులో వచ్చిన సీటులో చేరకపోతే మరుసటి ఏడాది నీట్ రాయడానికే వీలుండదు. అంటే లాంగ్ టర్మ్ కోచింగ్ పెట్టి మళ్లీ నీట్ రాయించాలన్న ఆలోచన ఇంట్లో ఏ మూలనైనా ఉంటే స్ట్రే రౌండులో ఊరికే ఆప్షన్లు పెట్టి చూద్దాం అనుకోవద్దు. చాలామంది డిపాజిట్ గురించే టెన్షన్ పడతారు గానీ 10,000 పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు, ఇక్కడ పోయేది ఏడాది. ఇంకొకటి, ఆల్ ఇండియా కోటాలో రెండో రౌండు తర్వాత సీటు చేతిలో ఉంచుకుంటే రాష్ట్ర కౌన్సెలింగ్‌కు దారి మూసుకుపోతుంది. ఎక్కడో జార్ఖండ్‌లో చేరి ఇక్కడి కేఎంసీ (కాకతీయ మెడికల్ కాలేజీ) కోసం ఎదురుచూద్దాం అంటే కుదరదు. కాళోజీలో చేరేటప్పుడు మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో బాండు కూడా రాయించుకుంటారు, సంతకం పెట్టేముందు అది చదవండి. రూల్స్ ఏటా కొద్దికొద్దిగా మారతాయి కాబట్టి ఆ ఏడాది ప్రాస్పెక్టస్ డౌన్‌లోడ్ చేసుకోండి, పోయిన ఏడాది చేరినవాళ్ల మాట మీద పోవద్దు.

బైపీసీ పిల్లలకు అగ్రికల్చర్, ఫార్మసీ సీట్లు కూడా ఈ గందరగోళంలోనే వస్తాయి. ఎంబీబీఎస్ రౌండ్లు శరదృతువు దాకా సాగుతాయి, అప్పటిదాకా దేన్నీ పట్టుకోకుండా ఉండటం నాకు సరిగా అనిపించదు. జయశంకర్ వర్సిటీలో అగ్రికల్చర్ బీఎస్సీ వస్తే చేరిపోండి, ఎంబీబీఎస్ వస్తే అప్పుడు మానుకోవడానికి ఏం పోతుందో ముందే కనుక్కుని మరీ చేరండి.

కాగితాల విషయం త్వరగా చెప్పేస్తాను. ఆదాయ సర్టిఫికెట్ ఆ ఏడాది జనవరి 1 తర్వాత తీసినదై ఉండాలి. జోసాకు ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లు ఏప్రిల్ 1 తర్వాతవి, అదీ కేంద్ర ప్రభుత్వ నమూనాలో, మీసేవలో మామూలుగా ఇచ్చే బీసీ సర్టిఫికెట్ అక్కడ పనికిరాదు. ఒరిజినల్స్ ఒక కాలేజీకి ఇచ్చేముందు అన్నీ రంగుల్లో స్కాన్ చేయించి, నాలుగు సెట్లు జిరాక్స్ తీసి, ఇచ్చినవాటి జాబితా మీద కాలేజీ ముద్రతో అక్‌నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. టీసీ ఒకటే ఉంటుంది, అది ఎక్కడుందో మీకు తెలిసి ఉండాలి.

లాగిన్ ఎవరి చేతిలో ఉందన్నది అన్నిటికన్నా ముఖ్యం. నెట్ సెంటర్లో రిజిస్ట్రేషన్ చేయిస్తారు, మొబైల్ నంబరు అడిగితే సెంటరాయన తనదే ఇచ్చేస్తాడు, ఓటీపీలు అతనికి పోతాయి, ఆప్షన్లు మార్చే అధికారం కూడా అతనికే పోయినట్టు. తండ్రి నంబరో తల్లి నంబరో ఇవ్వండి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి అక్కడే టేబుల్ మీద వదిలేయకండి. మంచి ర్యాంకు వచ్చిన పిల్లల సర్టిఫికెట్లు, వివరాలు మధ్యవర్తులకు అసలే ఇవ్వొద్దు. 2022లో పీజీ మెడికల్ సీట్ల బ్లాకింగ్ (చేరే ఉద్దేశం లేనివాళ్ల పేరుతో సీట్లు పట్టిపెట్టడం) మీద కాళోజీ వర్సిటీయే వరంగల్ పోలీసులకు ఫిర్యాదు చేసింది. తమ పేరుతో దరఖాస్తు వెళ్లిన సంగతే తెలియని అభ్యర్థులు కూడా అప్పుడు బయటపడ్డారు.

ఇన్నీ అయ్యి ఒకచోట చేరిపోయాక మిగతా సీట్లను ఆన్‌లైన్‌లో పద్ధతిగా రద్దు చేసుకోండి, వెళ్లకుండా ఊరుకుంటే రద్దయినట్టు కాదు. రద్దు చేసిన పేజీ ప్రింటు తీసి పెట్టుకోండి. రీఫండ్ కోసం ఇచ్చిన ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మరోసారి సరిచూసుకోండి, విలీనమైన బ్యాంకుల పాత కోడ్‌లు ఇచ్చి నెలల తరబడి ఎదురుచూసేవాళ్లు ఉన్నారు. కాలేజీ ఎంతకూ ఇవ్వకపోతే యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. రసీదు నంబరు, కట్టిన తేదీ, మానుకుంటున్నట్టు మీరు పంపిన మెయిల్ తేదీ, ఈ మూడూ దగ్గర పెట్టుకుని చేయండి.