అమెరికాలో రాష్ట్రం మారుతున్నారా? ఇంట్లో తుపాకీ ఉంటే ఏం చేయాలి?

టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టపరమైన అనర్హత లేనివారు పర్మిట్ లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు. అదే పిస్టల్‌తో ఇర్వింగ్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కు మకాం మారిస్తే ఆ వెసులుబాటు అక్కడ చెల్లదు. టెక్సస్ పర్మిట్ ఉన్నా న్యూజెర్సీ దాన్ని గుర్తించదు. అందుకే సామాను సర్దే వారంలో కాకుండా, కొత్త ఉద్యోగానికి సరే అన్న రోజునే ఈ పని మొదలుపెట్టండి.

1. ముందు మీ వీసా సంగతి తేల్చుకోండి

ఇందులో రాష్ట్రాల ప్రమేయం లేదు, ఇది ఫెడరల్ చట్టం. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాలతో వచ్చినవారు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. వేట లైసెన్స్ వంటి కొద్ది మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. శిక్ష 15 ఏళ్ల జైలు వరకు ఉంటుంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు.

మనవాళ్ల ఇళ్లలో అసలు చిక్కు మరోచోట వస్తుంది. “కొత్త ఇల్లు కుదిరేదాకా నీ దగ్గర ఉంచు తమ్ముడూ” అంటూ హెచ్-1బీ మీద ఉన్న మిత్రుడికి పిస్టల్ అప్పగిస్తే, మొహమాటానికి ఒప్పుకున్న పాపానికి అతను నేరస్థుడవుతాడు. అతని వీసా సంగతి తెలిసి ఇచ్చిన మీరూ తప్పించుకోలేరు.

2. వెళ్లే రాష్ట్రం ఏం అడుగుతుందో విడివిడిగా చూడండి

కొనడానికి పర్మిట్, ఇంట్లో ఉంచుకోవడానికి కార్డు, వెంట తీసుకెళ్లడానికి లైసెన్స్, రిజిస్ట్రేషన్: ఈ నాలుగూ వేర్వేరు. ఒకటి ఉంటే మిగతావి ఉన్నట్టు కాదు. ఇల్లినాయ్‌లో తుపాకీ ఉంచుకోవాలంటే రాష్ట్ర పోలీసులు ఇచ్చే ఫోయిడ్ కార్డు (తుపాకీ యజమాని గుర్తింపు కార్డు) ఉండాలి. కాలిఫోర్నియాకు కొత్తగా వచ్చినవారు 60 రోజుల్లోపు తమ తుపాకుల వివరాలను రాష్ట్ర న్యాయశాఖకు తెలపాలి. న్యూజెర్సీ కూడా 2022 చట్టంతో కొత్త నివాసులకు కార్డు, రిజిస్ట్రేషన్‌ల కోసం 60 రోజుల గడువు పెట్టింది. న్యూయార్క్‌లోనైతే పిస్టల్ ఇంట్లో ఉంచుకోవడానికే లైసెన్స్ కావాలి. “వెళ్లాక చూసుకుందాం” అనే మాట అక్కడ కుదరదు.

తూటాలు నింపే మ్యాగజైన్‌నూ మరవకండి. పదికి మించి తూటాలు పట్టేవి న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో నిషిద్ధం.

3. తేదీ చూడకుండా ఏదీ నమ్మకండి

న్యూయార్క్ పాత పర్మిట్ నిబంధనను సుప్రీంకోర్టు 2022 జూన్‌లో కొట్టివేశాక, ఈ చట్టాలు తరచూ కోర్టు మెట్లెక్కుతున్నాయి. రాష్ట్రాలు కూడా చెరో దారిలో పోతున్నాయి. నార్త్ కరోలినా పిస్టల్ కొనుగోలు పర్మిట్‌ను 2023 మార్చిలో ఎత్తేస్తే, మిషిగన్ 2024 ఫిబ్రవరి నుంచి కొనుగోలు లైసెన్స్‌ను రైఫిళ్లకూ విస్తరించింది. వాషింగ్టన్ రాష్ట్రం కొనుగోలు పర్మిట్ చట్టాన్ని 2025లో చేసినా, అమలు 2027 మే నుంచి. కాబట్టి గవర్నర్ సంతకం వార్త చదివి ఆగిపోకండి. అమలు తేదీ ఎప్పుడో, కోర్టు స్టే ఇచ్చిందో లేదో చూడండి. ఇందుకు రాష్ట్ర పోలీసు లేదా అటార్నీ జనరల్ వెబ్‌సైట్లే దిక్కు. వాట్సాప్‌లో తిరిగే రంగురంగుల మ్యాపులు ఏ ఏడాదివో ఎవరికీ తెలియదు.

ఇంత తతంగం వద్దనుకుంటే, బయలుదేరే ముందే లైసెన్సు ఉన్న స్థానిక డీలరుకు అమ్మేయండి. అప్పుడప్పుడు మాత్రమే బయటికి తీసే పిస్టల్‌కు నా సలహా ఇదే.

4. దారిలో

1986 నాటి ఫెడరల్ చట్టం మధ్యలోని రాష్ట్రాల్లో మీకు రక్షణ ఇస్తుంది. అయితే బయలుదేరిన చోటా, చేరే చోటా ఆ తుపాకీ మీ దగ్గర ఉండటం చట్టబద్ధమై ఉండాలి. తూటాలు తీసేసి, తుపాకీని, తూటాలను చేతికందకుండా డిక్కీలో పెట్టండి. డిక్కీ లేని వాహనమైతే తాళం వేసిన పెట్టెలో ఉంచాలి, గ్లవ్ బాక్సు పనికిరాదు. మధ్యలో చుట్టాలింట్లో నాలుగు రోజులు మకాం పెడితే ఈ రక్షణ నిలుస్తుందని లెక్కవేసుకోవద్దు.

5. చేరాక

గడువు చివరి వారం దాకా ఆగకుండా దరఖాస్తు పెట్టండి. వేలిముద్రలకు అపాయింట్‌మెంట్ దొరకడానికే రోజులు పట్టవచ్చు. సమర్పించిన ప్రతి ఫారం నకలు, రసీదు దాచుకోండి.