కోపం వచ్చినప్పుడు సొరచెట్టును తలుచుకోండి

ముందే చెప్పేస్తాను, నాది ముక్కు మీద కోపం. ఒక శనివారం రాత్రి నా చొక్కా జేబులోని నాలుగు కాగితాలు ఉతుకులో పడి ముద్దయ్యాయి. మర్నాడు ఆరాధనలో నేను చెప్పాల్సిన వాక్యం అందులో రాసుకున్నాను. ఇల్లంతా దద్దరిల్లేలా అరిచాను. నా భార్య ఆ తడి ముద్దను అరచేతిలో పట్టుకుని, “ఇంతకీ దేని గురించండీ?” అని అడిగింది. గలతీ పత్రిక 5వ అధ్యాయం, ఆత్మఫలంలోని దీర్ఘశాంతం గురించి! ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మళ్లీ రాసుకుందామని బైబిలు తిరగేస్తుంటే యోనా 4వ అధ్యాయం దగ్గర ఆగిపోయాను. నాశనం చేస్తానన్న దేవుడు నీనెవె పట్టణాన్ని విడిచిపెట్టాడని అలిగి యోనా ప్రవక్త ఊరి బయట కూర్చున్నాడు. లక్షా ఇరవై వేలకు పైగా మనుషులు బతికి బయటపడ్డారని ఆయనకు కోపం. నీడనిచ్చిన సొరచెట్టు పురుగు తొలిచి వాడిపోయిందని ఇంకా కోపం. దేవుడు ఆయనను కేకలెయ్యలేదు. “నీవు కోపించుట న్యాయమా?” అని అడిగాడు, అంతే.

కోపం రాగానే ఆ ప్రశ్నను పైకి చదవండి, పాత భాషలోనే. మనసులో అనుకుంటే లాభం లేదు, మనసు అప్పటికే మన తరఫు వకీలు. గ్రాంథికం పలకాలంటే నోరు నెమ్మదించక తప్పదు. కోపించడానికి నిదానించమని యాకోబు తన పత్రికలో చెప్పింది (1:19) నాకు ఇలాగే కుదిరింది. తర్వాత మీ ఫిర్యాదును ఒక్క వాక్యంలో చెప్పి, చివర “అందుకని లోకం మునిగిపోయింది” అని చేర్చండి. “జేబు చూడకుండా చొక్కా ఉతికారు, అందుకని లోకం మునిగిపోయింది.” సగం సార్లు నవ్వు దానంతటదే వస్తుంది.

ఆ నవ్వు మీ మీద మాత్రమే ఉండాలి. ఎదుటివారిని చూసి నవ్వితే అది వేషం మార్చిన కోపమే. ముసలితనంలో బిడ్డ పుడతాడని విని అబ్రాహాము భార్య శారా మొదట గుడారంలో నమ్మలేక నవ్వింది, పైగా నవ్వలేదని బొంకింది. బిడ్డ పుట్టాక అదే శారా “దేవుడు నాకు నవ్వు కలుగజేసెను” అంది. ఆ బిడ్డ పేరు ఇస్సాకు, ఆ పేరులోనే నవ్వు ఉంది.

మిగతా సగం సార్లు నవ్వు రాదు. ఒకరికి అన్యాయం జరిగినప్పుడు రాకూడదు కూడా. మార్కు 3:5లో యేసు కోపంతో చూశాడు, అదే చూపులో దుఃఖమూ ఉంది, వెంటనే ఊచచెయ్యి, అంటే ఎండిపోయిన చెయ్యి, గలవాడిని బాగుచేశాడు. మీ కోపంలో ఆ దుఃఖం ఉందా, అది ఎవరికైనా మేలు చేసే దాకా వెళ్తుందా? అయితే ఉంచుకోండి. కానీ గడువు మరవకండి, సూర్యుడు అస్తమించేదాకానే (ఎఫెసీ 4:26). చలికాలంలో ఆ గడువు నాకు చాలడం లేదు.

ఇంట్లోవారికి కూడా ఈ పద్ధతి చెప్పి ఉంచండి. నా గొంతు పెరిగితే చాలు, మా అమ్మాయి పక్కగదిలోంచి “నాన్నా, సొరచెట్టు!” అంటుంది. పోయిన వారం ఆ మాటకే కోపం వచ్చింది.