ఇద్దరు కలిసి కయాక్‌ల మీద సముద్రంలో చేపల వేటకు వెళ్లడం ఎలా?

కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) మీద సముద్రంలోకి వెళ్లి గాలం వేయడం చూసేవాళ్లకి చాలా తేలిగ్గా కనిపిస్తుంది. ఇంజన్ లేదు, చప్పుడు లేదు, తెల్లారేసరికి నీళ్లలో ఉండొచ్చు. చేప పట్టడం మాత్రం ఇందులో సగం పనే. మిగతా సగం అలలు దాటి వెళ్లడం, మళ్లీ దాటుకుని రావడం. అందుకే ఇది ఒంటరిగా చేసే పని కాదని నా గట్టి అభిప్రాయం. ఇద్దరు మనుషులు, రెండు కయాక్‌లు, ఒక ఉదయం అనుకుని ఇదంతా రాస్తున్నాను.

ముందు రోజు సాయంత్రం

మొదట గాలి చూడండి, తర్వాతే ఎర సంగతి. కొత్తవాళ్లయితే గాలి 10 నాట్లు, అంటే గంటకు సుమారు 18 కిలోమీటర్లు, దాటుతుందంటే ఆ రోజు వదిలేయడం మంచిది. వేగం ఒక్కటే చూసి ఊరుకోకండి, దిక్కు కూడా చూడండి. ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచే గాలి చాలా మోసం చేస్తుంది, ఎందుకంటే ఒడ్డున నిలబడి చూస్తే నీళ్లు అద్దంలా ఉంటాయి, హాయిగా తేలుకుంటూ వెళ్లిపోతాం, తిరుగుదామని తెడ్డు వేసినప్పుడు గానీ అర్థం కాదు ఎదురుగాలిలో ఎంత దూరం రావాలో. రాత్రంతా నేల సముద్రం కన్నా త్వరగా చల్లబడుతుంది కాబట్టి చాలా తీరాల్లో వేకువన గాలి ఇలాగే నేల వైపు నుంచి వీస్తుంది, పొద్దెక్కి నేల వేడెక్కాక దిక్కు మార్చుకుని సముద్రం వైపు నుంచి గట్టిగా వస్తుంది. అందుకే తెల్లవారుజామున వెళ్లి, ఆ గాలి పుంజుకోకముందే ఒడ్డుకి చేరేలా చూసుకోండి.

అలల విషయంలో ఎత్తుతో పాటు రెండు అలల మధ్య ఎన్ని సెకన్లో కూడా చూడాలి. మీటరు ఎత్తు అల 6 సెకన్లకొకటి వచ్చే రోజు, అదే మీటరు అల 14 సెకన్లకొకటి వచ్చే రోజు ఒకటి కావు. రెండో రకం దూరం నుంచి బలం కూడగట్టుకుని వస్తుంది, ఒడ్డు దగ్గర అనుకున్నదానికన్నా ఎత్తుగా లేచి విరుగుతుంది.

ఇక ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుని మూడు విషయాలు తేల్చుకోండి: ఎక్కడి నుంచి ఎంత దూరం వెళ్తున్నారు, ఎన్నింటికి తిరుగుతారు, ఎవరు వద్దంటే ఆగిపోతారు. మూడోదానికి మా మధ్య ఉన్న జవాబు ఒక్కటే. ఇద్దరిలో ఎవరు వెనక్కి అన్నా ఇద్దరం వెనక్కే, కారణం అడగకూడదు. ఈ మాట ఒడ్డున ఉండగానే అనుకోవాలి, ఎందుకంటే చేపలు బాగా పడుతున్నప్పుడు ఎవరూ ఒప్పుకోరు. వెళ్లే చోటు, తిరిగొచ్చే సమయం ఒడ్డున ఉండే ఇంకో మనిషికి కూడా చెప్పిపెట్టండి.

ఏం పట్టుకెళ్లాలి

సముద్రంలోకైతే, లోపల కాకుండా పైనే కూర్చునే రకం కయాక్ తీసుకోండి. పైన పడ్డ నీళ్లు దాని కన్నాల గుండా కిందికి పోతాయి, బోల్తా పడినా మళ్లీ ఎక్కొచ్చు. లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి, వెనకాల కట్టిపెట్టిన జాకెట్ ఉన్నా లేనట్టే. దాని జేబులో విజిల్, దారం కోసే కత్తి. నీళ్లు తగలని సంచిలో ఫోన్. వీలైతే ఇద్దరి దగ్గరా వీహెచ్ఎఫ్ వాకీటాకీ (పడవల వాళ్లు వాడే చేతి రేడియో) ఉండాలి, అందులో 16వ చానల్ అత్యవసరానికి. దాన్ని కూడా జాకెట్‌కే తగిలించుకోండి, మీరు పడిపోయి కయాక్ కొట్టుకుపోతే దాని మీద ఉన్న వస్తువేదీ మీకు అందదు. నీళ్లు చల్లగా ఉండే చోట ఎండ ఎంత బాగున్నా నీటి చలికి తగ్గ బట్టలే వేసుకోవాలి.

గాలాలు మనిషికి రెండు చాలు. మొదటిసారి నాలుగు తీసుకెళ్లాను, రెండు గంటల్లో ఒక గంట చిక్కులు విప్పడానికే పోయింది.

తాగే నీళ్లు సరిపడా పెట్టుకోండి. మధ్యలో ఇబ్బందవుతుందని తాగకుండా కూర్చునేవాళ్లున్నారు, వెడల్పు మూతి సీసా ఒకటి విడిగా పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. నీళ్ల మీద వంగి ముడులు వేస్తుంటే కొందరికి కడుపులో తిప్పుతుంది, కాబట్టి ముడులన్నీ ఇంటి దగ్గరే వేసుకోవాలి.

పడితే ఎక్కడం నేర్చుకున్నాకే

ఇది దాటేసి తర్వాతి భాగానికి వెళ్లొద్దు. లోతు ఉండి అలలు లేని చోట ఇద్దరూ కావాలని పడి, మళ్లీ ఎక్కడం సాధన చేయండి. కయాక్ తలకిందులైతే ముందు దాన్ని తిప్పాలి. పక్కకి వచ్చి, అవతలి అంచు దాకా చేతులు చాపి పట్టుకుని, కాళ్లు నీటి పైకి తేలేదాకా తన్నుతూ బోర్లా దాని మీదకి పాకాలి. పొట్ట మధ్యకి వచ్చాక వెల్లకిలా తిరిగి సీట్లో కూర్చుని, చివర్న కాళ్లు లోపలికి తీసుకోవాలి. రెండోవాళ్లు తమ కయాక్‌ను అవతలి పక్కన ఆనించి, దాని మీద బరువు వేసి కదలకుండా పట్టుకుంటే పని సగానికి సగం తగ్గిపోతుంది. అలిసిపోయిన మనిషి తనంతట తాను ఎక్కలేకపోవచ్చు, తోడు విలువ తెలిసేది అప్పుడే.

అలలు దాటడం

ఒడ్డుకి రాగానే కయాక్ దించేయకండి. పది నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. పెద్ద అలలు వరసగా కొన్ని వస్తాయి, తర్వాత కాసేపు నెమ్మదిస్తాయి. ఆ నెమ్మదించే వేళ ఎంతసేపుంటోందో పట్టుకోండి. అలలు విరిగే చోటు దాటేదాకా గాలం ఒక్కటి కూడా నిలబెట్టి ఉంచొద్దు, అన్నీ కయాక్ లోపలి అరలో పెట్టి మూత బిగించండి.

ఒకరి తర్వాత ఒకరు వెళ్లాలి, ఇద్దరూ ఒకేసారి పక్కపక్కన వెళ్తే అల ఒక కయాక్‌ను తెచ్చి రెండోదాని మీద పడేస్తుంది. కయాక్ ముక్కు అలకి సూటిగా ఉండాలి, కొంచెం పక్కకి తిరిగిందా పడేస్తుంది. బయల్దేరాక ఆగొద్దు. అల ఎదురొచ్చినప్పుడు భయపడి తెడ్డు ఆపేయడమే అందరూ చేసే తప్పు, అప్పుడే ఇంకా గట్టిగా వేయాలి. మొదట దాటినవాళ్లు వెనక్కి తిరిగి రెండోవాళ్లు వచ్చేదాకా చూస్తూ ఉండాలి, గాలం తీయడం తర్వాత.

గాలం వేయడం

కయాక్ నడుపుతూనే చేప పట్టడం మొదట్లో తేలిక. చేప ఆకారపు ఎరను 25, 30 మీటర్లు వెనక వదిలి, గంటకు నాలుగైదు కిలోమీటర్ల వేగంతో తెడ్డు వేస్తూ పోవడమే. ఒకరు పైపైన ఈదే ఎర, ఇంకొకరు లోతుకి దిగే ఎర వేస్తే చేపలు ఏ లోతులో ఉన్నాయో త్వరగా తెలుస్తుంది, తెలిశాక ఇద్దరూ అదే వేయొచ్చు. ఒకరి వెనక ఒకరు కాకుండా పక్కపక్కన, మధ్యలో 30 మీటర్లు ఉంచి వెళ్లండి. పక్షులు ఒకేచోట నీళ్లలోకి దూకుతుంటే కింద చిన్న చేపల గుంపు ఉన్నట్టు, వాటి కింద పెద్దవి ఉండొచ్చు. ఆ గుంపు మధ్యలోకి దూసుకుపోతే చెదిరిపోతుంది, అంచు వెంట తిరగండి.

రీల్ డ్రాగ్, అంటే చేప ఎంత బలంగా లాగితే రీల్ దారం వదలాలో పెట్టే బిగింపు, ఒడ్డునే సరిచేసుకోవాలి. దారం 10 కిలోలకి తెగేదైతే, చేప రెండున్నర మూడు కిలోల బలంతో లాగినప్పుడు దారం వదిలేలా పెట్టండి. కయాక్ కూడా చేప వెంట కదులుతుంది కాబట్టి అంతకన్నా బిగించాల్సిన పని లేదు. చేప తగిలాక గాలం కర్రను కయాక్ ముక్కు వైపు ఉంచండి. పక్కకి లాగితే మీరే ఒరుగుతారు. అది కయాక్ కిందికి దూరితే, గాలం కొసను నీళ్లలోకి వంచి ముక్కు చుట్టూ అవతలికి తిప్పాలి. కుదురు కావాలంటే రెండు కాళ్లూ చెరో పక్క నీళ్లలోకి వేలాడేయండి.

ఒకరికి చేప పడగానే రెండోవాళ్లు తమ దారం చుట్టేయాలి. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. ఒకసారి నా స్నేహితుడికి పెద్దది తగిలింది, అదే సమయంలో నాకూ ఒకటి తగిలింది, నాది కయాక్ మీదకి తెచ్చి కొక్కెం తీసి తలెత్తితే వాడు ఎక్కడో చిన్న చుక్కలా కనిపిస్తున్నాడు. చేప వాడిని లాక్కుపోతోంది, గాలి కూడా అటే. వాడికేమీ కాలేదు, దారం తెగి చేప పోయింది, కానీ వాడిని చేరుకోవడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాల టెన్షన్ తర్వాత నా చేప మొహం చూడబుద్ధి కాలేదు. ఇప్పుడు నాకు తగిలింది చిన్నదైతే వదిలేసి వెళ్తాను, పెద్దదైతే దారం కోసేసి వెళ్తాను.

చేపను పైకి తెచ్చేటప్పుడు వలబుట్ట వాడండి, దాని నోట్లోంచి కొక్కెం చేత్తో కాకుండా పట్టకారుతో తీయండి. ఒళ్లో కొట్టుకునే చేప, మూడు కొక్కేల ఎర, మీ తొడ, మూడూ ఒకే చోట ఉంటాయని మర్చిపోవద్దు. ఉంచుకునేదాన్ని వెంటనే ఐసు సంచిలో పెట్టండి. చిన్నవాటిని, పట్టకూడని రకాలను నీళ్లలోనే ఉంచి కొక్కెం తీసి వదిలేయండి.

తిరుగు ప్రయాణం

అనుకున్న సమయానికి తిరగండి. మధ్యలో ఒకసారి అర మూత తీసి లోపల నీళ్లు చేరాయేమో చూడాలి, కారణం లేకుండా కయాక్ ఊగిపోతోందంటే చాలాసార్లు అదే కారణం. ఒకరు అలిసిపోతే పది మీటర్ల తాడుతో లాక్కురావచ్చు, అయితే లాగేవాళ్లకి ఆ తాడు ఒక్క చేత్తో వదిలేయగలిగేలా ఉండాలి, అలలు విరిగే చోటుకి ముందే విప్పేయాలి.

ఒడ్డు దగ్గర అన్నీ మళ్లీ అరలోకి. సముద్రం వైపు నుంచి చూస్తే అలల వీపులే కనిపిస్తాయి, విరిగే ముఖం కనపడదు, అందుకని ఉన్నదానికన్నా చిన్నవిగా అనిపిస్తాయి. పెద్ద వరస పోయేదాకా బయటే ఆగి, చివరి అల వెనకాలే రండి. మొదట దిగినవాళ్లు ఒడ్డున నిలబడి రెండోవాళ్లకి తెడ్డెత్తి సైగ చేస్తారు: నిలువుగా ఎత్తితే రా, అడ్డంగా పట్టుకుంటే ఆగు. దిగేటప్పుడు కయాక్‌కి సముద్రం వైపున దిగాలి. ఒడ్డు వైపు దిగితే వెనక నుంచి వచ్చిన అల దాన్ని మీ మోకాళ్ల మీదకి తోస్తుంది.

రీళ్లు, ఎరలు మంచినీళ్లతో కడగడం ఆ రోజే అయిపోవాలి, ఉప్పు ఒక్క రాత్రి కూడా ఆగదు. దానికన్నా ముందు, ఒడ్డు ఎక్కగానే, మీ సమయం తెలిసిన మనిషికి ఫోన్ చేసి ఇద్దరం వచ్చేశామని చెప్పండి. ఎన్ని పడ్డాయో తర్వాత చెప్పొచ్చు.